విశాఖ నుంచి భీమిలి తీరానికి ఒక రాత్రి సైకిలు యాత్ర: తొలిసారి వచ్చేవారి కోసం

తీరపుబాట (యాత్ర నిర్వాహకులు):

సభ్యులందరికీ నమస్కారం. సామానంతా సైకిలుకే కట్టుకొని వెళ్లి, ఒకచోట గుడారం వేసుకొని రాత్రి గడిపి, మర్నాడు ఇల్లు చేరే ప్రయాణాన్ని ఇప్పుడు బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. చేయాలని ఉన్నా ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవారు మన వేదికలో చాలామంది ఉన్నారని కొంతకాలంగా వస్తున్న ప్రశ్నలను బట్టి తెలుస్తోంది. ఈ యాత్ర ప్రత్యేకంగా వారి కోసమే. ఇదివరకు దూర ప్రయాణాలు చేసినవారు కూడా రావచ్చు, కాని వారు తోడుగా రావాలి తప్ప తమ వేగాన్ని చూపించుకోవడానికి రాకూడదు.

ఫిబ్రవరిలో శుద్ధ అష్టమికి దగ్గరగా వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎదుట కలుసుకుందాం. తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, రుషికొండ, తొట్లకొండ దిగువ, మంగమారిపేట, చేపలుప్పాడ మీదుగా భీమిలి వరకు దాదాపు 30 కిలోమీటర్ల దూరం ఉంటుంది. మన బస భీమిలికి కాస్త ముందు, రోడ్డుకు ఆనుకొని ఉన్న ఒక సరుగుడు తోటలో. తోట యజమాని అనుమతి తీసుకున్నాం, అక్కడ మంచినీళ్లు, మరుగుదొడ్లు, రాత్రి కాపలా ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే గుడారాలు విప్పి అదే దారిలో తిరిగి వస్తాం. ఒక్కో బృందంలో నలుగురు చొప్పున మొత్తం పన్నెండు మందికి మించి తీసుకోలేము.

మొదటి యాత్రకు ఈ దారినే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. దూరం తక్కువ, దారి పొడవునా ఊళ్లు, దుకాణాలు ఉన్నాయి, ఫోను సిగ్నలు దాదాపు అన్నిచోట్లా అందుతుంది. వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపునే ఉంటుంది కనుక దారి తప్పే అవకాశం చాలా తక్కువ. ఎవరైనా అలసిపోతే ట్రాలీ ఆటోలో సైకిలు వేసుకొని వెనక్కి రావచ్చు. అరకు ఘాటు రోడ్డులో గాని, పాపికొండల వైపు గాని ఇలాంటి వెసులుబాటు దొరకదు.

ప్రశ్నలు ఏవైనా సరే ఇక్కడే అడగండి. ఒకరి సందేహానికి ఇచ్చే జవాబు మిగిలినవారికీ పనికివస్తుంది.

పాతసైకిలు:

నమస్కారం తీరపుబాట గారూ. నా దగ్గర గేర్లు లేని పాత సైకిలు ఉంది. వెనక ఇనుప క్యారియర్ గట్టిగానే ఉంది. రోజూ ఆఫీసుకు దానిమీదే వెళ్తాను. అయితే యూట్యూబులో చూస్తే హ్యాండిల్ కింద ఒక సంచీ, ఫ్రేము మధ్యలో ఒకటి, సీటు వెనక ఇంకొకటి కనిపిస్తున్నాయి, వాటి ధరలు చూశాక ఈ ఆలోచనే మానుకుందామనిపించింది. ఇవన్నీ కొనకుండా రావడానికి వీలుంటుందా? అలాగే రుషికొండ దగ్గరి ఎత్తును గేర్లు లేకుండా, అదీ సామానుతో, ఎక్కగలనా?

రెండుచక్రాలు:

పాతసైకిలు గారూ, మీ ప్రశ్నకు వివరంగానే జవాబు ఇస్తాను, ఎందుకంటే చాలామందిని ఆపుతున్నది ఈ ధరల భయమే.

ఆ ప్రత్యేకమైన సంచులు పుట్టింది క్యారియర్ బిగించడానికి వీలులేని కొండదారి సైకిళ్ల కోసం. రాళ్లదారిలో క్యారియర్లు విరుగుతాయి, బోల్టులు వదులవుతాయి, కాబట్టి సామానును నేరుగా ఫ్రేముకే పట్టీలతో కట్టే పద్ధతి వచ్చింది. బీచ్ రోడ్డు తారురోడ్డు. మీ ఇనుప క్యారియర్ ఇక్కడ ఆ సంచులన్నింటికంటే నమ్మకమైనది. పొలాల నుంచి గడ్డిమోపులు, పాలకేంద్రానికి పాలక్యాన్లు మోసిన క్యారియర్లు మన ఒక్కరాత్రి సామానుకు లొంగిపోవు.

ముఖ్యమైనది సంచి రకం కాదు, బరువు ఎక్కడ కూర్చుంటుందన్నది. గుడారం, నీళ్ల సీసాలు, పనిముట్ల వంటి బరువైనవి వీలైనంత కిందుగా, సైకిలు నడిమి భాగానికి దగ్గరగా ఉండాలి. బరువు సీటు వెనక ఎత్తుగా పేరుకుంటే, మలుపులో సైకిలు తోక ఊగినట్లు అనిపిస్తుంది. హ్యాండిల్‌కు దుప్పటి, బట్టల వంటి తేలికైనవే కట్టండి, బ్రేకు తీగలు నలగకుండా చూసుకోండి. వీపుకు బ్యాగు తగిలించుకొని రావడం మాత్రం వద్దు, గంట గడిచేసరికి భుజాలు, నడుము నొప్పి పుడతాయి, చెమట ఆరదు.

రాత్రి సామాను మొత్తం ఎనిమిది కిలోలు దాటకుండా చూసుకోండి. మందపాటి ప్లాస్టిక్ సంచిలో దుప్పటి, పొడిబట్టలు పెట్టి, మూతి మెలితిప్పి రబ్బరుతో బిగిస్తే మంచుకు, చినుకులకు తడవవు. క్యారియర్‌కు కట్టే రబ్బరు తాళ్లు రెండు తెచ్చుకోండి, కట్టాక వేలాడే కొసలను లోపలికి దోపండి. ఆ కొస ఒక్కటి చక్రంలో చిక్కుకుంటే సైకిలు ఉన్నపళంగా ఆగిపోతుంది, ఇదే అన్నింటికంటే ప్రమాదకరమైన పొరపాటు.

ఇక ఎత్తుల మాట. కైలాసగిరి కింద ఒకటి, రుషికొండ దగ్గర ఒకటి, తొట్లకొండ వైపు ఒకటి, ఇవి మూడే చెప్పుకోదగ్గవి. గేర్లు లేని సైకిలుతో అక్కడ దిగి నడవడంలో ఏ చిన్నతనమూ లేదు. గేర్లున్నవారిలో కూడా కొందరు దిగి నడుస్తారు. బయలుదేరే ముందు బ్రేకు రబ్బర్లు మార్చించి, రెండు టైర్లలోనూ గాలి నిండుగా కొట్టించండి. సామాను బరువు మీద తక్కువ గాలి ఉంటే ట్యూబు రిమ్ముకు నలిగి పంక్చరవుతుంది.

ఒక సలహా అందరికీ. యాత్రకు ముందు ఆదివారం, రాత్రి ప్రయాణానికి కట్టే సామానంతా యథాతథంగా కట్టుకొని ఊళ్లోనే పది కిలోమీటర్లు తొక్కి చూడండి. ఏది జారుతుందో, ఏది మోకాలికి తగులుతుందో అప్పుడే తెలుస్తుంది.

మధురవాడ వాసి:

నమస్కారం. నేనూ మా చెల్లెలూ రావాలనుకుంటున్నాం. ఇద్దరం వారాంతాల్లో సైకిలు తొక్కుతాం కాని రాత్రి బయట గడిపింది లేదు. రెండు విషయాలు అడగాలి.

మొదటిది, వేళ. మూడు గంటలకు బయలుదేరితే, తొలిసారి వచ్చేవారి వేగం గంటకు పన్నెండు కిలోమీటర్లు అనుకున్నా, మధ్యలో ఆగే సమయం కలుపుకొని ఆరున్నర అవుతుంది. ఫిబ్రవరిలో ఆరింటికే పొద్దుగూకుతుంది. చివరి గంట తొట్లకొండ, మంగమారిపేట ప్రాంతంలో, శనివారం సాయంత్రం నగరం నుంచి వేగంగా వచ్చే కార్లు, మోటారుసైకిళ్ల మధ్య, మసక వెలుతురులో తొక్కవలసి వస్తుంది. ఇది తొలి యాత్రకు తగదు. పైగా చీకట్లో గుడారం వేయడం అలవాటు లేనివారికి ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

రెండోది, బస. కాపలా ఉందని రాశారు, మంచిదే. కాని మరుగుదొడ్లు గుడారాలకు ఎంత దూరంలో ఉన్నాయి, వాటికి లోపలి నుంచి గడియ ఉందా, దారిలో దీపం ఉందా, వచ్చేవారిలో ఇంకా ఎందరు స్త్రీలు ఉన్నారు? ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు, కాని ఒక స్త్రీ ఇలాంటి యాత్రకు రావాలా మానాలా అన్నది తేలేది వీటి దగ్గరే.

తీరపుబాట:

మధురవాడ వాసి గారూ, వేళ గురించి మీరు చెప్పింది నిజం. ఇప్పటికే పేరు ఇచ్చిన మరో ఇద్దరితోనూ మాట్లాడి బయలుదేరే సమయాన్ని ఒంటిగంటన్నరకు మార్చాను. అప్పుడు ఐదు గంటలకల్లా బసకు చేరుతాం, వెలుతురుండగానే గుడారాలు వేసుకోవచ్చు. ఉదయం ఆరింటికే వెళ్లిపోదామని ఒకరు సూచించారు గాని, దానికి నేను ఒప్పుకోకపోవడానికి కారణం గాలి. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఫిబ్రవరి మధ్యాహ్నాల్లో సముద్రపు గాలి ఎక్కువగా దక్షిణం, నైరుతి వైపు నుంచి వీస్తుంది కనుక భీమిలి వైపు వెళ్లేవారికి వీపున తోడుగా ఉంటుంది. అదే గాలికి ఎదురుగా, సామానుతో నగరానికి తిరిగి రావడం కొత్తవారిని కుంగదీస్తుంది. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది, సముద్రపు గాలి ఇంకా లేవదు. అందుకే వెళ్లడం మధ్యాహ్నం, రావడం తెల్లవారాక.

బస గురించి. మరుగుదొడ్లు రెండు, గుడారాలు వేసే చోటికి యాభై అడుగుల దూరంలో ఉన్నాయి. రెండింటికీ లోపలి గడియలు ఉన్నాయి, స్వయంగా వేసి చూశాను. ఒకటి పూర్తిగా స్త్రీలకే కేటాయిస్తాం. దారిలో దీపం ఉంది, కాని దాని గురించి తాబేళ్ల సంరక్షణలో పనిచేసే సభ్యులు ఒకరు ఏదో చెప్పదలచుకున్నారు, వారి మాట కింద చూద్దాం. ఇప్పటివరకు పేరు ఇచ్చినవారిలో నలుగురు స్త్రీలు. వారి గుడారాలన్నీ ఒకే వరుసలో, కాపలాదారు కుటుంబం ఉండే ఇంటి వైపున వేద్దాం.

కొండగాలి:

నా అభిప్రాయం కాస్త వేరు. కొత్తవారు ఇంతమంది వస్తున్నప్పుడు, వెనక ఒక వ్యాను పెట్టుకొని సామానంతా అందులో వేస్తే సరిపోదా? అందరూ హాయిగా ఖాళీ సైకిళ్లు తొక్కుతారు, ఎవరైనా అలసిపోతే వ్యాను ఎక్కుతారు. హైదరాబాదులో కొన్ని బృందాలు ఇలాగే చేస్తున్నాయి.

రెండుచక్రాలు:

కొండగాలి గారూ, వ్యాను ఉంటే భద్రత పెరుగుతుందన్నది కాదనను. కాని సామాను వ్యానులో వెళ్తే మనం నేర్చుకునేది ఏమీ ఉండదు. ఏది కట్టుకోవాలి, ఏది ఇంట్లో వదిలేయాలి అన్న ఆలోచన మొత్తం ఈ యాత్రకు ప్రాణం. వ్యాను వస్తోందని తెలియగానే మడతకుర్చీలు, ఐసుపెట్టె, స్పీకర్లు వచ్చి చేరతాయి, ఆ తరువాత అది పిక్నిక్ అవుతుంది. పిక్నిక్ తప్పని కాదు, మనం తలపెట్టినది వేరు.

అంతేకాదు, బీచ్ రోడ్డు మీద సైకిళ్ల వెనక నెమ్మదిగా నడిచే వ్యాను మిగతా వాహనాలను అడ్డుకుంటుంది. అప్పుడు వాళ్లు విసుగుతో మలుపుల్లో దాటబోతారు. నిజంగా అవసరం వచ్చినప్పుడు ఫోను చేస్తే ఇరవై నిమిషాల్లో రాగల ట్రాలీ ఆటో డ్రైవరు నంబరు ఒకటి చేతిలో ఉంటే చాలు.

కొండగాలి:

పిక్నిక్ గురించి చెప్పినది ఒప్పుకుంటాను. అయితే ఆటో డ్రైవరుతో ముందే మాట్లాడి, ఆ రెండు రోజులూ అందుబాటులో ఉంటానన్న మాట తీసుకోవాలి. ఆ బాధ్యత నేను తీసుకుంటాను. చిన్న ప్రథమ చికిత్స పెట్టె కూడా నేనే తెస్తాను.

మంగమారిపేట రేవు:

ఈ చర్చను ముందు నుంచీ చదువుతున్నాను. మాది చేపలవేట కుటుంబం, ఈ ఒడ్డునే పుట్టి పెరిగాను. మా తీరానికి వచ్చేవారిని చూస్తే సంతోషమే, కాని కొన్ని విషయాలు చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు.

గుడారాలు సరుగుడు తోటలో వేస్తున్నారు, అది చాలా మంచి నిర్ణయం. రాత్రికి ఇసుక మీదికి వెళ్లి పడుకుందామని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. వద్దు. పోటు సమయంలో నీళ్లు ఎంతవరకు వస్తాయో ఒడ్డున పేరుకున్న నాచు, పుల్లల గీతను బట్టి తెలుస్తుంది, కాని అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, సముద్రం పొంగి ఉన్నప్పుడు ఆ గీత మీదికి కూడా అలలు వస్తాయి. అష్టమి రోజుల్లో ఆటుపోట్ల తేడా తక్కువగా ఉంటుంది, మీరు ఆ తిథిని ఎంచుకోవడం బాగుంది, అయినా జాగ్రత్త జాగ్రత్తే. తెల్లవారుజామున మా బోట్లు, తెప్పలు అదే ఇసుక మీదికి వస్తాయి, అక్కడ మనుషులు పడుకొని ఉంటే అందరికీ ఇబ్బంది.

స్నానాల గురించి గట్టిగానే చెబుతున్నాను. ఈ తీరంలో ప్రతి ఏడూ ప్రాణాలు పోతున్నాయి, పోయేవారిలో ఎక్కువమంది ఈత వచ్చిన కుర్రవాళ్లే. అలలు విరగకుండా, నీళ్లు కాస్త మట్టిరంగులో, నెమ్మదిగా కనిపించే చోటు ఉంటుంది. చూసినవారు అదే సురక్షితమైన చోటు అనుకుంటారు. అక్కడే నీళ్లు ఒడ్డు నుంచి లోపలికి పరుగెడతాయి. ఆ ప్రవాహానికి ఎదురీదితే ఎంతటివాడైనా అలసి మునిగిపోతాడు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, ఆ లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి. కాని దీన్ని చదివి ధైర్యం తెచ్చుకొని దిగవద్దు. మోకాళ్లు దాటి ఎవరూ నీళ్లలోకి వెళ్లకూడదన్నది యాత్ర నియమంగా పెట్టండి.

ఒడ్డున ఆరబెట్టిన వలల మీదుగా సైకిళ్లు నడపకండి, వాటిని తొక్కకండి. ఒక వల బాగుచేయడానికి ఎన్ని రోజులు కూర్చోవాలో చూసేవారికి తెలియదు. పొద్దున్నే ఎక్కడైనా అలివి వల (ఒడ్డు నుంచే తాళ్లతో లాగే పెద్ద వల) లాగుతూ కనబడితే దగ్గరికి వచ్చి చూడండి, తాడు పట్టుకుంటామంటే మావాళ్లు సంతోషిస్తారు. ఫొటో తీసే ముందు మాత్రం ఒక్క మాట అడగండి.

తీరపుబాట:

మంగమారిపేట రేవు గారూ, మీ మాటలకు కృతజ్ఞతలు. మోకాళ్ల నియమం ఈ క్షణం నుంచి యాత్ర షరతుల్లో చేరింది. దీనికి ఒప్పుకోనివారి పేరు తీసుకోము.

తాబేటిగుడ్డు:

నమస్కారం. నేను తాబేళ్ల గూళ్ల సంరక్షణలో స్వచ్ఛందంగా పాల్గొంటాను. దీపం గురించి చెప్పదలచుకున్నది నేనే.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి మార్చి వరకు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తల్లి తాబేలు రాత్రివేళ ఒడ్డుకు పాకి వచ్చి, ఇసుకలో గుంత తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతుంది. దాదాపు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. అటవీశాఖ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుక గూళ్లలో భద్రపరచి, పిల్లలు పుట్టాక సముద్రంలో వదులుతారు. మీరు వెళ్లే దారిలోనే అలాంటి గూళ్లు కొన్ని ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటికి అత్యున్నత స్థాయి రక్షణ ఉంది.

మీ యాత్రకు దీనితో సంబంధం ఏమిటంటే వెలుతురు. తెల్లటి వెలుగు పడితే గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి వెనుదిరిగి వెళ్లిపోతుంది. పిల్లలైతే సముద్రం మీది మెరుపును వెతుక్కుంటూ పోయే స్వభావం వల్ల, ఒడ్డున దీపం ఉంటే దాని వైపే పాకి రోడ్డెక్కి చనిపోతాయి. కాబట్టి చీకటి పడ్డాక సముద్రం వైపు టార్చి వేయకండి, మంట వేయకండి. తలకు పెట్టుకునే దీపాల్లో చాలావాటికి ఎర్ర వెలుగు ఉంటుంది, దాన్నే వాడండి, లేకపోతే టార్చి అద్దం మీద ఎర్ర కాగితం అంటించండి. మరుగుదొడ్డి దారిలోని దీపానికి సముద్రం వైపున ఒక అట్టముక్క అడ్డు పెడితే, నడిచేవారికి వెలుతురు ఉంటుంది, ఇసుక మీద పడదు. రాత్రి ఒకవేళ తాబేలు కనిపిస్తే దూరంగా, దాని వెనకవైపున, కదలకుండా కూర్చోండి. ఫ్లాష్ వేయవద్దు, ముట్టుకోవద్దు.

మధురవాడ వాసి:

అట్టముక్క ఆలోచన చాలా బాగుంది. నేనూ చెల్లెలూ వస్తున్నాం, పేర్లు రాసుకోండి. ఎర్ర కాగితం అందరికీ సరిపడా నేను తెస్తాను.

దూరపు ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి, ప్రస్తుతం కాలిఫోర్నియాలో ఉంటున్నాను. ఇక్కడ పసిఫిక్ తీరం వెంబడి ఉన్న కొన్ని స్టేట్ పార్కుల్లో నడిచి గాని, సైకిలు మీద గాని వచ్చేవారి కోసమే ప్రత్యేకంగా గుడారాల స్థలాలు ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన ఉన్న హాఫ్ మూన్ బే తీరంలో అలాంటిది ఒకటి ఉంది. కారులో వచ్చేవారు నెలల ముందు స్థలం బుక్ చేసుకోవాలి, సైకిలు మీద వచ్చినవారికి ముందస్తు బుకింగ్ లేకుండానే, ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో తక్కువ రుసుముకు చోటిస్తారు. ఇక్కడి మన తెలుగువారిలో కొందరు తొలి ప్రయాణం అక్కడికే చేస్తుంటారు.

అక్కడ అలవాటైన ఒక పద్ధతి మీకూ పనికివస్తుంది. తినేవస్తువు ఏదీ గుడారంలో పెట్టుకోరు. అక్కడ రకూన్లు అనే చిన్న అడవి జంతువులు గుడారాన్ని చీల్చి తినుబండారాలు ఎత్తుకుపోతాయి, అందుకని ఇనుపపెట్టెల్లో దాస్తారు. భీమిలిలో రకూన్లు లేకపోయినా కుక్కలు, ఎలుకలు, చీమలు ఉంటాయి. తిండిసంచులన్నీ ఒకచోట చేర్చి, కొమ్మకు తాడు వేసి ఎత్తుగా వేలాడదీయండి. మన తీరంలో కూడా సైకిలు మీద వచ్చేవారికి ఇలాంటి ప్రభుత్వ స్థలం ఒక్కటైనా ఉంటే బాగుండునని ఎప్పుడూ అనుకుంటాను.

ఇసుకమేట:

ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే ఉన్నాయి కదా. బైక్‌ప్యాకింగ్ అంటే మట్టిదారుల్లో తొక్కడమే అసలు సరదా. ఒక గంట అక్కడ లోపలికి దిగి సైకిళ్లు నడుపుదామా? వెడల్పు టైర్లున్న సైకిళ్లకు ఇబ్బంది ఉండదు.

భూమిపొరలు:

ఇసుకమేట గారూ, దయచేసి ఆ ఆలోచన మానుకోండి. భూగర్భశాస్త్రం బోధించేవాడిగా అడుగుతున్నాను.

ఎర్రమట్టి దిబ్బలు మామూలు మట్టిగుట్టలు కావు. సముద్రమట్టం ఇప్పటికంటే ఎంతో కిందికి దిగి, మళ్లీ పైకి వచ్చిన మంచుయుగపు మార్పుల కాలంలో, వేల సంవత్సరాల పాటు గాలి, నీరు పోగుచేసిన ఇసుక అది. ఇసుకలోని ఇనుము ఆక్సీకరణ చెందడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. వాననీరు కోసిన సన్నని లోయల గోడలు పైకి గట్టిగా కనిపిస్తాయి, కాని అవి రాయి కాదు, వేలితో గీకినా రాలుతాయి. ఒక టైరు చార పడితే, వచ్చే వానలో ఆ చార వెంబడే నీరు పారి కొత్త కోత మొదలవుతుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు దీనికీ చోటు దక్కింది. సైకిళ్లు రోడ్డు పక్కన తాళం వేసి, ఇద్దరిని కాపలా ఉంచి, ఉన్న కాలిబాటలోనే నడిచి చూసి రండి. వచ్చేవారు కోరితే అరగంట సేపు అక్కడ పొరలను చూపించి వివరించడానికి నేను వస్తాను.

మరో మాట. దిబ్బలను ఆనుకొని నౌకాదళ స్థావరం ఉంది. డ్రోన్లు తేవద్దు, కంచె వైపు కెమెరా తిప్పవద్దు.

ఇసుకమేట:

వివరించినందుకు కృతజ్ఞతలు భూమిపొరలు గారూ. నడిచే చూద్దాం. కాపలా ఉండే ఇద్దరిలో నేను ఒకడిని, మీరు రెండోసారి వివరించేటప్పుడు నేను వచ్చి వింటాను.

చిన్నారి నాన్న:

మా అమ్మాయికి పదమూడేళ్లు. బడికి సైకిలు మీదే వెళ్తుంది. నాతో పాటు రావచ్చా? తను నాకంటే బాగానే తొక్కుతుంది, కాని బృందంలో అందరి వేగానికి అందుకోలేకపోతే చిన్నబుచ్చుకుంటుందేమోనని భయం. తిండి విషయం కూడా చెప్పండి, స్టవ్ తీసుకురావాలా?

తీరపుబాట:

తప్పకుండా తీసుకురండి. అయితే వేగం గురించి మీరు పడుతున్న భయం తీరేలా పద్ధతి చెబుతాను, అందరూ దీన్ని శ్రద్ధగా చదవాలి.

ప్రతి బృందంలోనూ నెమ్మదిగా తొక్కే వ్యక్తి ముందు నుంచి రెండో స్థానంలో ఉంటారు. ముందు నడిపించేవారు అద్దంలోనో, వెనుదిరిగో వారిని చూసుకుంటూ వారి వేగానికే తన వేగాన్ని సరిపెట్టుకుంటారు. అనుభవం ఉన్నవారు చివర ఉంటారు. చాలా యాత్రల్లో నెమ్మదైనవారిని చివరికి వదిలేస్తారు. ముందు వెళ్లినవారు ఒకచోట ఆగి, విశ్రాంతి తీసుకొని, చివరివారు చేరగానే మళ్లీ బయలుదేరుతారు. దానివల్ల విశ్రాంతి ఎక్కువ అవసరమైనవారికి అసలు విశ్రాంతే దొరకదు. మనం అలా చేయబోవడం లేదు. చివరివారు చేరి, నీళ్లు తాగి, సరే అన్నాక పది నిమిషాలకు గాని ఎవరూ కదలరు. సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేటల దగ్గర ఆగుతాం, మధ్యలో ఎవరు ఆగమన్నా ఆగుతాం. బృందాల మధ్య రెండు మూడు వందల మీటర్ల ఎడం ఉంటుంది, వాహనాలు సులువుగా దాటిపోవడానికి. రోడ్డు ఎడమ అంచున ఒకరి వెనక ఒకరే. హెల్మెట్ తప్పనిసరి. పగలైనా వెనక ఎర్రదీపం వెలుగుతూ ఉండాలి.

తిరుగు ప్రయాణంలో ఆలస్యమైందని ఎవరూ తగరపువలస మీదుగా హైవే ఎక్కవద్దు. ఆ రోడ్డు చదునుగా, వెడల్పుగా ఉన్న మాట నిజమే, కాని లారీల వేగం పక్కన సామానుతో ఊగే సైకిలుకు చోటు లేదు.

స్టవ్ వద్దు. సరుగుడు ఆకులు ఎండి నేలంతా పరచుకొని ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. రాత్రికి అందరూ ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుందాం. చింతపండు పులుపు వల్ల మధ్యాహ్నం కట్టినా రాత్రికి పాడవదు, పళ్లెం కూడా అక్కర్లేదు. పెరుగన్నం వద్దు, ఎండలో సంచిలో పులిసిపోతుంది. వేపిన వేరుశనగలు, బెల్లం, అరటిపండ్లు దారిలో తినడానికి పనికివస్తాయి. తలా రెండు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. చేపలు తినాలనుకునేవారు ఆదివారం పొద్దున్నే రేవులో కొని ఇంటికి తీసుకువెళ్లవచ్చు గాని, మూడు గంటలు చెడకుండా ఉంచే ఏర్పాటు మీరే చూసుకోవాలి.

పాతసైకిలు:

నిన్న రెండుచక్రాలు గారు చెప్పినట్లు సామానంతా కట్టుకొని పెదవాల్తేరు నుంచి సాగర్ నగర్ దాకా వెళ్లివచ్చాను. దుప్పటిచుట్ట క్యారియర్ మీద అడ్డంగా కడితే మడమలకు తగిలింది, నిలువుగా కట్టాక సరిపోయింది. కైలాసగిరి కింద కొంత దూరం నడిచాను, ఏమీ ఇబ్బంది అనిపించలేదు. నా పేరు రాసుకోండి. ఒక్క సందేహం, తిరిగి వచ్చాక సైకిలుకు ఏదైనా చేయాలా?

రెండుచక్రాలు:

తప్పక చేయాలి. ఉప్పుగాలి, ఇసుక కలిస్తే గొలుసు రెండు రోజుల్లో తుప్పెక్కుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో మెల్లగా కడగండి. గొట్టంతో జోరుగా కొడితే ఇరుసుల్లోకి నీరు, ఇసుక వెళ్తాయి. పొడిగుడ్డతో తుడిచి, ఎండలో అరగంట ఆరనిచ్చి, గొలుసు లంకె లంకెకూ ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలిన నూనెను తుడిచేయండి. గుడారాన్ని కూడా నీడలో పూర్తిగా ఆరబెట్టాకే మడవండి. తెల్లవారుజామున కురిసే మంచుకు అది తడిసి ఉంటుంది, తడితో మడిచి పెడితే బూజు పడుతుంది.

తీరపుబాట:

పన్నెండు పేర్లు నిండాయి. ముందు బృందాన్ని నేను, మధ్య బృందాన్ని మధురవాడ వాసి గారు, చివరి బృందాన్ని రెండుచక్రాలు గారు నడిపిస్తారు. చిన్నారి, వాళ్ల నాన్నగారు నా బృందంలో. మంగమారిపేట రేవు గారు దారిలో తమ ఊళ్లో అందరికీ టీ ఇస్తామన్నారు. భూమిపొరలు గారు ఆదివారం ఉదయం ఏడింటికి దిబ్బల దగ్గర కలుస్తారు.

గుడారం లేనివారు ముగ్గురున్నారు. ఇద్దరికి సరిపోయే గుడారాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఇక్కడ రాస్తే జతలు కుదురుస్తాను. దోమతెర మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. బయలుదేరే ముందు గురువారం రాత్రి వాతావరణ శాఖ హెచ్చరికలు చూసి, బంగాళాఖాతంలో అల్పపీడనం ఏదైనా ఉంటే యాత్రను తరువాతి నెల అష్టమికి మారుస్తాను. ఆ నిర్ణయం శుక్రవారం ఉదయం పది గంటలకల్లా ఇక్కడే రాస్తాను.

చిన్నారి నాన్న:

మా దగ్గర ముగ్గురు పట్టే గుడారం ఉంది. పాతసైకిలు గారికి అభ్యంతరం లేకపోతే మాతో ఉండవచ్చు. కట్టడానికి తేలికగా ఉండేందుకు కర్రలు నా సైకిలు మీద, గుడ్డ వారి సైకిలు మీద పంచుకుంటే సరిపోతుంది.

పాతసైకిలు:

సంతోషం. గుడ్డ నాకివ్వండి, శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకువెళ్తాను.